నేర్పబోయే ముందు

ఈ రోజుల్లో ఏ వస్తువు కొనబోయినా చెయ్యి కాలుతూనే వుంది. ధర పెరగనిదల్లా సలహా ఒక్కటే. అడిగినా ఇస్తారు, అడక్కపోయినా ఇస్తారు. రైలు పెట్టెలో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మన అబ్బాయి చదువు సంగతి కనుక్కుని, తాను దిగే స్టేషను వచ్చేలోగా వాడి భవిష్యత్తంతా తీర్చిదిద్ది మరీ దిగుతాడు. పెళ్ళిపందిట్లో పెద్దత్తయ్యగారు కొత్తకోడలికి కాపురం ఎలా చెయ్యాలో విడమరిచి చెబుతారు. పూర్వం ఇవన్నీ మనిషి ఎదురుపడితే గాని జరిగేవి కావు. ఇప్పుడు ఆ శ్రమ కూడా తప్పింది. తెల్లవారి లేచి సెల్‌ఫోను తెరిస్తే చాలు, ముక్కూ మొహం తెలియని వాళ్ళు వరసగా వచ్చి ఎన్నింటికి నిద్ర లేవాలో, ఏ పుస్తకం చదవాలో, పక్కవాణ్ణి ఎలా ఆకట్టుకోవాలో బోధించి పోతూ వుంటారు.

ఇంతమంది ఇన్ని విధాల చెబుతూ వుంటే లోకం ఈపాటికి బాగుపడి వుండాలి. అంతగా బాగుపడ్డ జాడ కనిపించదు. శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

అయితే సలహా చెప్పేవాళ్ళందరినీ వెక్కిరించడం నా వుద్దేశం కాదు. వాళ్ళలో చాలామందికి ఎదుటి మనిషి మీద ప్రేమ వుంటుంది. కొడుకు బాగుపడాలని తండ్రికి వుండదా? శిష్యుడు పైకి రావాలని మాస్టారికి వుండదా? మరి ఇంత ప్రేమతో చెప్పిన మాట చెవి దాకా వెళ్ళి అక్కడే ఎందుకు ఆగిపోతున్నదీ అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు కవల తోబుట్టువు వంటిది ఇంకొకటి వుంది. నేను కాలేజీలో తెలుగు చెబుతూ వుంటాను. కొత్తగా చేరిన పిల్లలచేత ‘నా జీవిత లక్ష్యం’ అనే వ్యాసం రాయించడం మాలో చాలామందికి అలవాటు. ఒకడు కలెక్టరవుతానంటాడు. ఒకమ్మాయి సాఫ్టువేరు ఉద్యోగం చేసి అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తానంటుంది. రాసి ఇచ్చేస్తారు. తర్వాత ఎవరో ఒకరు వరండాలో వెనక నడిచి వచ్చి, గొంతు తగ్గించి, “మాస్టారూ, నాకు నిజంగా ఏ లక్ష్యమూ తోచలేదండీ. అందరూ రాస్తున్నారు గదా అని నేనూ రాశాను. అసలు లక్ష్యం ఎలా దొరుకుతుందండీ?” అని అడుగుతారు.

నవ్వవలసిన ప్రశ్న కాదు ఇది. వయసులో వున్న పిల్లవాడు ఈ మాట అడగడానికి ఎంత బిడియపడి వుంటాడో ఆలోచించండి. తోటివాళ్ళందరికీ దారి కనబడిందనీ, తనకొక్కడికే కనబడలేదనీ వాడి బెంగ. అటువంటి వాళ్ళకు నేను ఉపన్యాసం చెప్పను. పర్లాకిమిడిలో పనిచేసిన ఒక బడిపంతులుగారి కథ చెబుతాను. పేరు మీరెరిగినదే. కథే చాలామంది సగం ఎరిగినది.

పర్లాకిమిడి పంతులుగారు

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే ఇవాళ మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజున బళ్ళలో పటానికి దండ వేసి, వ్యావహారిక భాషోద్యమ పితామహుడని నాలుగు మాటలు చెప్పి, పిల్లలకు మిఠాయి పంచుతారు. అది వింటే ఆయన పుట్టుకతోనే ఉద్యమం చంకన పెట్టుకుని వచ్చారా అనిపిస్తుంది. జరిగింది అది కాదు.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకుని 1879లో మెట్రిక్యులేషను ప్యాసయ్యారు. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావుగారు. మరుసటి ఏడు, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. పదిహేడేళ్ళు నిండీ నిండని వయసు. ఇంటి బరువు నెత్తిమీద పడ్డ కుర్రవాడు బతుకుతెరువు కోసం పంతులుద్యోగం పట్టాడు. ఆనాడు ఎవరైనా ఆయనచేత జీవిత లక్ష్యం మీద వ్యాసం రాయిస్తే ఏం రాసి వుండేవారో మనం ఊహించవలసిందే. తెలుగువాళ్ళ రాతభాషను మార్చేస్తానని మాత్రం రాసి వుండరు.

ఆయనకు వున్నదల్లా, తెలియనిది ఎదురైతే తెలుసుకునేదాకా నిద్రపట్టని స్వభావం. ఉద్యోగం చేస్తూనే ఎఫ్‌.ఎ.కు చదివారు, తర్వాత బి.ఎ. కూడా ప్రైవేటుగా ప్యాసయ్యారు. చరిత్ర పాఠం చెప్పవలసి వచ్చింది. దగ్గరలోనే ముఖలింగం గుడి వుంది, గోడల నిండా శాసనాలు వున్నాయి, చదివి చెప్పేవాళ్ళు లేరు. పుస్తకాలు తెప్పించుకుని, గురువు లేకుండానే పాత లిపులు నేర్చుకుని, ఆ శాసనాలు తానే చదివారు. గాంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించి చూపించారు. బడిలో పాఠం చెప్పడానికి అంత చదువు అక్కరలేదు. పుస్తకంలో వున్నది అప్పజెప్పినా జీతం వచ్చేది. ఆ అదనపు చదువే తర్వాత ఆయనకు పెద్ద ఆస్తి అయింది.

కొండ దిగి వచ్చినవాళ్ళు

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు వుంటారు. సంతకూ పనులకూ కిందికి దిగి వస్తారు. అక్షరం రాదు, బజారు భాష సరిగా తెలియదు. అటువంటివాణ్ణి మోసం చెయ్యడం పల్లపువాళ్ళకు ఎంత సులువో చెప్పనక్కరలేదు. వీళ్ళను ఊళ్ళో అందరూ చూస్తూనే వున్నారు. జాలిపడినవాళ్ళూ కొందరు వుండి వుంటారు. వీళ్ళకు చదువు చెబితే బాగుండునన్న ఆలోచన కూడా ఒకరిద్దరికి వచ్చే వుంటుంది.

రామమూర్తిగారికీ ఆ ఆలోచనే వచ్చింది. కాని ఆ తర్వాత ఆయన చేసిన పని వేరు. చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ మాట మనకు తెలియాలి గదా అనుకున్నారు. సవరభాష మాట్లాడగలిగిన ఒక మనిషిని తన ఇంట్లోనే వుంచుకుని, ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. అది మామూలు సంగతి కాదు. ఆ కాలంలో, ఆ ఊళ్ళో, శాస్త్రం తెలిసిన బ్రాహ్మణ పంతులు కొండవాళ్ళ భాషకు శిష్యుడై కూర్చోవడం ఊరివాళ్ళకు వింతగానే తోచి వుంటుంది. పైగా ఆ భాషకూ తెలుగుకూ చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ కుటుంబం, సవర ముండా కుటుంబం. మన అక్షరాల్లో సరిగా ఇమడని ధ్వనులు అందులో వున్నాయి. రాసిపెట్టిన పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. చెవితో విని, నోటితో పలికి, తప్పయితే ఎదుటివాడిచేత దిద్దించుకుని నేర్చుకోవలసిందే.

అలాగే నేర్చుకున్నారు. కొండల్లో తిరిగారు. వాళ్ళ పాటలు, కథలు రాసుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేసి బళ్ళు పెట్టించారు. మొదట్లో అందుకు చేతిసొమ్మే ఖర్చు పెట్టుకున్నారు. ప్రభుత్వం ఆయన కృషికి బహుమానం ఇవ్వజూపితే, అది నాకెందుకు, సవరలకు బళ్ళు పెట్టండి అన్నారని చెబుతారు. మన్యంలో తిరగడంవల్ల చలిజ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని దెబ్బతీసింది. చెవితో భాష నేర్చుకున్న మనిషికి చివరికి చెవుడు మిగిలింది.

అయినా పని ఆపలేదు. ఆయన రాసిన సవరభాషా వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75వ ఏడు. యౌవనంలో పట్టిన పని ముసలితనంలో పుస్తకమై చేతికి వచ్చింది.

పని కడుపులోంచి పని

ఇక తెలుగు సంగతి. 1906లో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలలకు జె.ఎ. యేట్స్ అనే దొర ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకంలో తెలుగు ఇంకొకటి కావడం ఆయనకు విడ్డూరంగా తోచింది. ఈ విషయం విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు మొదలైన వారితో చర్చకు వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. సవర పిల్లవాడికి వాడి నోటిమాటలోనే చదువు చెప్పాలని కొండలెక్కిన మనిషి, తెలుగు పిల్లవాడి నోటిమాట బడి గుమ్మం బయటే ఆగిపోవడం చూసి ఊరుకోగలరా? శాసనాల్లో వందల ఏళ్ళనాటి తెలుగు ఎలా మారుతూ వచ్చిందో కళ్ళారా చదివిన మనిషి, భాష ఎన్నడూ మారరాదంటే ఒప్పుకోగలరా? లక్ష్యం ఆయనకు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఇరవయ్యారేళ్ళుగా చేస్తూ వచ్చిన చిన్న చిన్న పనుల కడుపులోంచి పుట్టింది. అప్పటికి ఆయనకు నలభై మూడేళ్ళు. లక్ష్యం తోచలేదని పద్దెనిమిదో ఏట బెంగపడే పిల్లలకు నేను చెప్పేది ఇదే. లక్ష్యం కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. ఎదురుగా వున్న పనిని, అవసరమైన దానికన్నా ఒక మెట్టు లోతుగా నేర్చుకోండి. తర్వాతి పని ఏదో ఆ పనే చెబుతుంది.

తర్వాతి కథ మీకు తెలుసు. గ్రాంథికవాదులు తక్కువవాళ్ళు కారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు ఎదుట నిలిచారు. 1912లో పరీక్షల్లో వ్యాసరచనకు వాడుకభాషను కూడా అనుమతించిన ప్రభుత్వం, కొద్దికాలానికే వెనక్కు తగ్గింది. 1915లో గురజాడ పోయారు. తోడు నిలిచిన మిత్రుడూ లేడు, చేతికందిన ఫలమూ లేదు. మరొకరైతే ఇంట్లో కూర్చునేవారు. రామమూర్తిగారు పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగారు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు. పూర్వుల వచనంలోనే వాడుకమాటలు ఎన్ని వున్నాయో ‘గద్యచింతామణి’లో ఏర్చి చూపించారు. 1925లో తణుకు సభలో గంటల తరబడి మాట్లాడారు. ఎదుటివాళ్ళ గ్రంథాలు ఎదుటివాళ్ళకన్నా బాగా చదివి వుండడం ఆయన బలం. అవతలి పక్షాన్ని తిట్టడానికి గొంతు చాలు, ఒప్పించడానికి వాళ్ళ పుస్తకాలు చదవాలి.

ఆ బలం ఎంతటిదో ఒక్క ఉదాహరణ చాలు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు గ్రాంథికంలో హేమాహేమీ. ఎందరో అనుకరించిన వచనం ఆయనది. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు, వాడుకభాష కోసం పుట్టిన ఆ సమాజానికి అధ్యక్షులుగా వుండడానికి ఒప్పుకున్నది ఆయనే. అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటాయి. ఆ మే నెలలోనే కన్నుమూశారు. జీవితమంతా ఒక విధంగా రాసి, చివరి రోజుల్లో మరొక విధం మంచిదని ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! ఒప్పించినవారికి ఎంత పేరు వచ్చిందో, ఒప్పుకున్నవారికీ అంత గౌరవం దక్కాలని నాకనిపిస్తుంది. పర్లాకిమిడిలో రామమూర్తిగారి దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావుగారు కూడా మొదట గ్రాంథికం రాసినవారే. శిష్యుడే గదా అని గురువు బలవంతపెట్టి మార్చినట్టు కనబడదు. తన దారిన తాను వచ్చి, తర్వాత ‘జనవాణి’ పత్రికను వాడుకభాషలో నడిపారు.

ఇంటి గుమ్మంలో

“అది మహానుభావుల సంగతి. ఉద్యోగం, సంసారం, కరెంటు బిల్లు, ఇవే చాలవా మాకు?” అంటారు మీరు. నిజమే. కాని మహానుభావుల ఇళ్ళల్లో కూడా పొయ్యి వెలిగించవలసిందే. వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు బంధువులు దూరమయ్యారు. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రామన్నారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చారు, తానే వంట చేశారు. ఆవిడ వేదిక ఎక్కి ఉపన్యాసం చెప్పలేదు. కాని ఆ బిందె చంకన పెట్టుకుని ఊరి మధ్యనుంచి నడిచి వస్తూ వుంటే చూసిన ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళి ఏమీ అనుకోకుండా వుంటారా?

ఇంకా చిన్న సంగతి చెబుతాను. మా వీధి చివర ఒక విశ్రాంత ఉద్యోగి వున్నారు. తడిచెత్త, పొడిచెత్త విడివిడిగా వెయ్యాలని ఆయన పట్టుదల. కాలనీ సంఘం సమావేశంలో రెండుమూడుసార్లు గట్టిగా చెప్పారు. అందరూ తలలూపి ఇంటికి వెళ్ళి, అన్నీ ఒకే బుట్టలో వేశారు. ఒకనాడు పొద్దున్నే ఆయన చెత్తబండి నడిపే ఆవిడ వెంట వీధి చివరిదాకా నడిచారు. “అమ్మా, నువ్వు ఇవన్నీ ఎలా వేరుచేస్తావు?” అని అడిగారు. ఆవిడ మొదట నవ్వింది. “బాబుగారూ, గాజుపెంకులు కాయితంలో చుట్టకుండా పారేస్తారు చూడండి, అవే మా పాలిటి గండం” అని చెయ్యి చూపించింది. అరచేతినిండా పాత గాట్లు వున్నాయట. ఆవిడ దగ్గర ఆయన నాలుగు రోజులు పాఠం నేర్చుకున్నారు. తర్వాత సమావేశంలో ఆయన మాట్లాడింది అయిదు నిమిషాలే. చెత్త గురించి చెప్పలేదు, ఆ చెయ్యి గురించి చెప్పారు. వీధంతా మారిపోయిందని నేను చెప్పను. అయిదారిళ్ళవాళ్ళు గాజును కాయితంలో చుట్టి విడిగా పెడుతున్నారు. ఆ అయిదారిళ్ళ చెత్త ఎత్తేటప్పుడు ఆవిడ చెయ్యి కొంచెం నిర్భయంగా పడుతుంది.

ఈయన మాట మొదట ఎందుకు ఎక్కలేదు, తర్వాత ఎందుకు ఎక్కింది? మొదట ఆయనకు తెలిసింది నియమం. తర్వాత తెలిసింది మనిషి. ఎవరిదగ్గరకైనా నేర్చుకోవడానికి వెళ్ళి వచ్చినవాడి మాటలో ఒక తడి వుంటుంది. వినేవాడు దాన్ని ఇట్టే పసిగడతాడు.

ఇల్లు కూడా అంతే. కొడుకు ఎప్పుడూ ఆ ఫోను పట్టుకునే వుంటాడని తండ్రికి బాధ. రోజూ చెబుతాడు. వాడు వింటాడు, ఫోను బోర్లా పెడతాడు, నాన్న అటు వెళ్ళగానే మళ్ళీ తీస్తాడు. ఆ తండ్రి ఒక సాయంత్రం పక్కన కూర్చుని, “ఏమిట్రా అందులో అంత బాగుండేది? నాకూ చూపించు” అని నిజంగా తెలుసుకోవాలనే అడిగితే? అది చవకబారు ఆటే కావచ్చు. ఒక్కోసారి వాడు బొమ్మలు గియ్యడం నేర్చుకుంటూ వుండవచ్చు, ఎవరితోనూ చెప్పుకోలేని దిగులు దాచుకుంటూ వుండవచ్చు. ఏదైనా సరే, తెలిసిన తర్వాత తండ్రి చెప్పే మాట వేరుగా వుంటుంది.

ఫలం ఎవరిది?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలా చేస్తే లోకం తప్పక మనం చెప్పినట్టు వింటుందని అనుకోకూడదు. అలా అనుకుంటే నేర్చుకోవడం కూడా ఒక ఎత్తుగడ అవుతుంది. సవరలకోసం రామమూర్తిగారు అంత పాటుపడ్డారు గదా, 1936లో మాంగే గొమాంగో అనే సవర పెద్ద తన భాషకోసం కొత్తగా ‘సోరంగ్ సొంపెంగ్’ అనే లిపినే కల్పించుకున్నారు. తెలుగు అక్షరాలు కావు, ఒడియా అక్షరాలూ కావు, తమవే అయిన అక్షరాలు. తన భాషకు తానే అక్షరం దిద్దుకోగల మనుషులు కొండమీద వున్నారని లోకానికి తెలియడంకన్నా, వాళ్ళ మేలు కోరినవారికి ఇంకేం కావాలి? మన మేలు అందుకున్నవాళ్ళు మన దారినే నడవాలన్న పంతం వుంటే, అది మేలు చెయ్యడం కాదు, అప్పివ్వడం.

ఆ 1936లోనే ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో చేరింది. యాభై ఆరేళ్ళు బతికిన ఊరు విడిచి రామమూర్తిగారు రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరిలో కూడా మద్రాసులో పత్రికలవాళ్ళను కూర్చోబెట్టుకుని, జనం భాషలో రాయమని చెప్పారు. ఆ నెల 22న పోయారు. విశ్వవిద్యాలయాలు వాడుకభాషను పూర్తిగా ఒప్పుకోవడానికి ఆ తర్వాత మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఆయన అది చూడలేదు. మీరు ఈ వ్యాసం నిఘంటువు తెరవకుండా చదువుతున్నారే, అది ఆయన పంటలో మన వాటా.

వచ్చే వారం పత్రిక మీ చేతికి వచ్చేలోగా ఒక చిన్న పని చేసి చూడండి. మీరు చాలాకాలంగా ఎవరికి సలహా చెబుతున్నారో గుర్తు తెచ్చుకోండి. కొడుకో, కోడలో, తమ్ముడో, కింది ఉద్యోగో ఎవరో ఒకరు వుండే వుంటారు. ఈ ఏడు రోజులూ ఆ సలహా ఆపి, వాళ్ళకు వచ్చి మీకు రాని పని ఒకటి నేర్పమని అడగండి. అత్తగారైతే కోడలు చేసే కూర ఎలా చేస్తుందో అడగవచ్చు. ఆఫీసరైతే గుమాస్తా ఫైళ్ళు ఎలా సర్దుతాడో అడగవచ్చు. మొదటిరోజు వాళ్ళు అనుమానంగా చూస్తారు. రెండోరోజు తప్పులు దిద్దుతారు. మూడోరోజుకు, మీరడగని సంగతులు కూడా చెప్పడం మొదలుపెడతారు. ఆ సంగతులు శ్రద్ధగా వినండి. మీరు చెప్పదలచుకున్న సలహా అప్పటికీ మిగిలి వుంటే, ఎనిమిదో రోజున చెప్పవచ్చు.